చుక్కల పుట్టుకలో అయస్కాంతం వాటా

పాలపుంతలో కొత్త నక్షత్రాలకు కావలసిన ముడిసరుకుకు కొరత లేదు. చల్లటి, చీకటి అణుమేఘాల రూపంలో సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు వంద కోట్ల రెట్ల హైడ్రోజన్ పోగుపడి ఉంది. ఆ మేఘాలను వాటి గురుత్వానికే వదిలేస్తే ముప్పై నలభై లక్షల ఏళ్లలో కూలిపోవాలి. ఆ లెక్కన ఏడాదికి రెండు మూడు వందల సూర్యుళ్లు పుట్టాలి. నిజంగా పుడుతున్నది ఏడాదికి ఒకరో ఇద్దరో. 1974లో బెన్ జుకర్మన్, నీల్ ఎవాన్స్ ఈ తేడాను ఎత్తి చూపారు. అప్పటినుంచి నక్షత్ర జననం మీద వచ్చిన ప్రతి సిద్ధాంతమూ ఈ వంద రెట్ల తేడాకు జవాబు చెప్పుకోక తప్పలేదు.

ఒక జవాబు అయస్కాంత క్షేత్రం. రెండోది మేఘంలోని అల్లకల్లోలం, అంటే ధ్వనివేగాన్ని మించి పరుగెత్తుతూ ఒకదాన్నొకటి గుద్దుకునే వాయుప్రవాహాలు. ఈ రెంటి మధ్య తగువు దశాబ్దాల తరబడి నడిచింది. తగువంతా ఎక్కువగా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: మేఘం కూలిపోకుండా అయస్కాంత క్షేత్రం ఆపగలదా? ఇప్పటిదాకా వచ్చిన కొలతలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ప్రశ్నకు మనం ఇచ్చిన ప్రాధాన్యం ఎక్కువనిపిస్తుంది. మేఘాన్ని ఆపే పనిలో క్షేత్రానిది పరిమితమైన పాత్ర. వాయువు ఏ దారిన పోగుపడాలో చెప్పడంలో దానిది పెద్ద పాత్ర. పుట్టబోయే నక్షత్రం నుంచి భ్రమణాన్ని లాగేసే పనిలో మాత్రం దానికి సాటి వచ్చేది మరొకటి కనబడదు.

ముందు ఆపడం సంగతి చూద్దాం. 1942లో హానెస్ ఆల్ఫ్వెన్ చెప్పినదాని ప్రకారం, విద్యుత్తును బాగా ప్రసరింపజేసే వాయువూ బలరేఖలూ విడివడకుండా కలిసే కదులుతాయి. అణుమేఘంలో విద్యుదావేశం ఉన్న కణాలు చాలా తక్కువ, దట్టమైన చోట్ల కోటికి ఒకటి మాత్రమే. అయినా తటస్థ అణువులు వాటిని పదేపదే గుద్దుకుంటూ ఉంటాయి కనుక మేఘమంతా క్షేత్రంతో ముడిపడే ఉంటుంది. మేఘం నలువైపుల నుంచీ కుంచించుకుపోతే రేఖలు దగ్గరపడతాయి. వ్యాసార్ధం సగమైతే క్షేత్రం నాలుగు రెట్లు అవుతుంది, ఎదురు తోపుడు పెరుగుతుంది. గురుత్వ శక్తీ వ్యాసార్ధం తగ్గేకొద్దీ సరిగ్గా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కాబట్టి ఎంత నొక్కినా ఇద్దరి బలాబలాల్లో మార్పు రాదు. మేఘంలోని ద్రవ్యరాశికీ దాన్ని చీల్చుకుపోయే బలరేఖల మొత్తానికీ ఉన్న నిష్పత్తే మొదటి రోజునే తీర్పు ఇచ్చేస్తుంది. ఆ నిష్పత్తికి ఒక హద్దు ఉందని 1976లో టెలెమాకోస్ మూస్కోవియాస్, లైమన్ స్పిట్జర్ లెక్కగట్టారు. హద్దుకు దిగువనున్న మేఘం బయటి ఒత్తిడి ఎంతున్నా కూలదు. హద్దు దాటినదాన్ని క్షేత్రం ఆలస్యం చేయగలదేమో గాని ఆపలేదు.

ఇక్కడే రెండో చిక్కు ఉంది. ఒక సూర్యుడికి సరిపడా వాయువు కాంతి సంవత్సరంలో మూడో వంతు వ్యాసార్ధంలో, ముప్పై మైక్రోగాస్ (క్షేత్ర బలాన్ని కొలిచే గాస్‌లో పది లక్షలో వంతు ఒక మైక్రోగాస్) క్షేత్రంతో ఉందనుకుందాం. రేఖలు ఏమాత్రం జారకుండా అది నక్షత్రమంత చిన్నదైతే ఉపరితలం మీద క్షేత్రం పది కోట్ల గాస్‌కు చేరాలి. పసి నక్షత్రాల మీద నిజంగా కొలిచింది వెయ్యి నుంచి మూడు వేల గాస్. అంటే దారిలో ఎక్కడో దాదాపు అంతా జారిపోయింది. అది ఎలా జారిపోతుందో 1956లోనే లియన్ మెస్టెల్, స్పిట్జర్ సూచించారు. అయాన్లు రేఖల దగ్గరే ఆగిపోతాయి, తటస్థ అణువులు వాటి సందుల్లోంచి నెమ్మదిగా లోపలికి దిగిపోతాయి. ఈ జారుడుకు పట్టే కాలం కోటి ఏళ్ల దరిదాపుల్లో ఉంటుంది. నక్షత్రాలు ఇంత తాపీగా ఎందుకు పుడుతున్నాయో, వాటి క్షేత్రం ఎక్కడికి పోయిందో ఒక్క దెబ్బతో తేలిపోయింది. ఫ్రాంక్ షూ, ఫ్రెడ్ ఆడమ్స్, సుజానా లిజానో 1987లో రాసిన సమీక్షతో ఇదే ఈ రంగానికి ప్రామాణిక చిత్రమైంది. ఒక తరం పరిశోధకులు దీన్ని నమ్మడంలో ఆశ్చర్యం లేదు. ఇంత తక్కువ సరంజామాతో ఇన్ని సంగతులు వివరించిన సిద్ధాంతాలు ఖగోళశాస్త్రంలో అరుదు.

అయితే ఇది కొలతకు లొంగే సిద్ధాంతం. అసలు నక్షత్రాల మధ్య అయస్కాంత క్షేత్రం ఉందని తెలిసిందే వేరొకదాన్ని వెతుకుతుంటే. వేడి నక్షత్రాల అంచునుంచి వచ్చే కాంతి ధ్రువణం చెంది ఉంటుందని సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ అంతకుముందే లెక్కగట్టారు. దాన్ని గ్రహణ జంటతారల్లో పట్టుకుందామని విలియం హిల్ట్నర్, జాన్ హాల్ బయలుదేరారు. ధ్రువణం దొరికింది గాని దానికి గ్రహణాలతో సంబంధం లేదు. ఒకే దిక్కున ఉన్న దూరపు నక్షత్రాలన్నిటి కాంతీ ఒకే వైపు ధ్రువణం చెంది ఉంది. 1949లో ఇద్దరూ ఫలితాలు ప్రకటించారు. ఇది నక్షత్రాల పని కాదు, దారిలోని ధూళిది. కోలగా ఉండే ధూళి రేణువులు గిరగిర తిరుగుతూ తమ పొడుగు అక్షాన్ని బలరేఖలకు అడ్డంగా పెట్టుకుంటాయి. వాటిగుండా వచ్చిన నక్షత్ర కాంతి క్షేత్రం దిక్కునే చూపిస్తుంది. అవే రేణువులు సబ్‌మిల్లీమీటరు తరంగాల్లో సొంతంగా వెలువరించే వెలుగు ధ్రువణం దానికి లంబంగా ఉంటుంది. ఈనాటి క్షేత్ర పటాల్లో చాలావాటికి ఆధారం ఇదే.

దిక్కు తెలిసింది, మరి బలం? 1953లో చంద్రశేఖర్, ఎన్రికో ఫెర్మీ కలిసి దానికో ఉపాయం చెప్పారు. గట్టిగా లాగి కట్టిన దండెం గాలికి కొద్దిగానే ఊగుతుంది, వదులుగా కట్టింది బాగా ఊగుతుంది. వాయువు ఎంత జోరుగా కదులుతోందో, బలరేఖలు సగటు దిక్కునుంచి ఎంత పక్కకు వంగాయో, వాయువు సాంద్రత ఎంతో తెలిస్తే రేఖల బిగువు తేలిపోతుంది. పాలపుంత చుట్లలో అలా వాళ్లకు వచ్చిన విలువ ఏడు మైక్రోగాస్. ఈనాటి అంచనాలు కూడా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. పద్ధతి ఎంత ముద్దుగా ఉన్నా నమ్మకం విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. చూపురేఖ వెంట అనేక పొరలు కలిసిపోతే వంకరలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, క్షేత్రం ఉన్నదానికన్నా బలంగా కనబడుతుంది. 2001 తర్వాత కంప్యూటర్ అనుకరణల ఆధారంగా ఫలితాన్ని సగానికి తగ్గించుకోవడం మామూలైంది.

క్షేత్ర బలాన్ని సూటిగా కొలిచేది జీమన్ ప్రభావం ఒక్కటే. ఇందులోని కష్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి. హైడ్రోజన్ పరమాణువు 142 కోట్ల హెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర ఒక రేఖను వెలువరిస్తుంది. అయస్కాంత క్షేత్రంలో ఆ రేఖ రెండుగా చీలుతుంది, ఒకటి కుడివైపు తిరిగే ధ్రువణం, మరొకటి ఎడమవైపుది. ప్రతి మైక్రోగాస్‌కూ చీలిక 2.8 హెర్ట్జ్. పది మైక్రోగాస్‌కు 28 హెర్ట్జ్. వాయువు సెకనుకు ఒక కిలోమీటరు వేగంతో కదిలినా చాలు, ఆ రేఖ 4,700 హెర్ట్జ్ మేర జరుగుతుంది. అంటే చీలిక కంటికి ఆనదు. కుడి, ఎడమ ధ్రువణాలను విడివిడిగా గంటల తరబడి నమోదుచేసి, ఒకదానినుంచి ఒకటి తీసివేసి, మిగిలిన సన్నటి వంపును కొలవాలి. టెలిస్కోపులో రవ్వంత లోపం ఉన్నా అలాంటి వంపే పుడుతుంది. 1968లో గెరిట్ వెర్షూర్ కాసియోపియా ఎ దిశలోని మేఘాలలో దీన్ని మొదటిసారి పట్టుకున్నాడు. పైగా ఇన్ని తంటాలు పడ్డాక చేతికి వచ్చేది క్షేత్రంలో మన వైపు ఉన్న భాగం మాత్రమే.

ఆ ఓపిక పని చేసినవాళ్లలో ముందు వరుసలో చెప్పుకోవలసినవాడు రిచర్డ్ క్రచర్. థామస్ ట్రోలాండ్, కార్ల్ హైల్స్ వంటి వాళ్లతో కలిసి ఆయన పోగుచేసిన జీమన్ కొలతలు ఈ తగువును మలుపు తిప్పాయి. పలచటి హైడ్రోజన్ మేఘాల్లో క్షేత్రానిదే పైచేయి. ఘన సెంటీమీటరుకు సుమారు 300 కణాల సాంద్రత వరకు క్షేత్రం పెద్దగా మారకుండా పది మైక్రోగాస్‌కు మించకుండా ఉంటుంది. ఆపైన సాంద్రతతోపాటు పెరుగుతుంది. కాని అణుమేఘాల్లోకి, వాటిలోని దట్టమైన ముద్దల్లోకి వచ్చేసరికి ద్రవ్యరాశి నిష్పత్తి హద్దును సగటున రెండు మూడు రెట్లు దాటేసింది. అంటే క్షేత్రం బలంగానే ఉంది గాని ఓడిపోయే పక్షాన ఉంది.

2009లో క్రచర్ బృందం ఇంకా సూటి పరీక్ష పెట్టింది. అణువులు నెమ్మదిగా జారి కేంద్రంలో చేరుతున్నాయన్నది నిజమైతే ద్రవ్యరాశి నిష్పత్తి మేఘం పైపొరలో తక్కువగా, నడిమి ముద్దలో ఎక్కువగా ఉండాలి. నాలుగు మేఘాల్లో కొలిస్తే నాలుగింటా దానికి తలకిందులైన ధోరణి కనబడింది. మూస్కోవియాస్, కోన్‌స్టాంటినోస్ టాసిస్ దీన్ని గట్టిగా ఖండించారు. పైపొరలో నాలుగు చోట్ల కొలిచిన క్షేత్రం అంతటా ఒకేలా ఉందని అనుకోవడం తప్పని, దోషాలను సరిగా లెక్కలోకి తీసుకుంటే పరీక్ష ఏమీ తేల్చదని వాళ్ల వాదన. గణాంకాల వరకు వాళ్ల అభ్యంతరంలో పస ఉంది. నాలుగు మేఘాలతో సిద్ధాంతాన్ని సమాధి చేయలేం.

ఆ నాలుగింట్లో ఒకటైన ఎల్1544 మీదే 2022 జనవరిలో మరో ఫలితం వచ్చింది. చైనాలోని 500 మీటర్ల ఫాస్ట్ టెలిస్కోపుతో టావో చుంగ్ చింగ్, డీ లీ, హైల్స్ తదితరులు ఆ ముద్దను కప్పిన చల్లని హైడ్రోజన్ పొరలో 3.8 మైక్రోగాస్ క్షేత్రాన్ని పట్టుకున్నారు. చీలిక పదకొండు హెర్ట్జ్ మించదు. దోషం మాత్రం పదో వంతుకన్నా తక్కువ. ఆ పలచటి పొరలోనే గురుత్వం హద్దు దాటేసింది. క్షేత్రాన్ని వదిలించుకోవడం దట్టమైన ముద్దలో కోటి ఏళ్ల పాటు జరిగే పని కాదనీ, అంతకు చాలా ముందే, మేఘం రూపుదిద్దుకుంటున్నప్పుడే జరిగిపోతుందనీ దీని అర్థం. నా మటుకు ఈ కొలత పాత చిత్రాన్ని దాదాపు పక్కన పెట్టేసింది. జారుడు అనే భౌతిక ప్రక్రియ అబద్ధం కాదు, అది మేఘం మొత్తానికి గడియారం కాదు అంతే.

వయసుల లెక్క కూడా అటే మొగ్గింది. వృషభరాశి మేఘంలోని పసి నక్షత్రాల్లో ఎక్కువ భాగం వయసు పది నుంచి ముప్పై లక్షల ఏళ్లలోపే. మేఘాలు కోటి ఏళ్లు ఊరికే నిలిచి ఉంటే నక్షత్రాలు లేని మేఘాలే ఆకాశంలో ఎక్కువగా కనబడాలి. అవి చాలా తక్కువ. దీంతో అల్లకల్లోలం పక్షం పుంజుకుంది. కాని దానికీ ఒక రోగం ఉంది. కల్లోలం త్వరగా చల్లారిపోతుంది. అయస్కాంత తరంగాలు దాన్ని చాలాకాలం నిలబెడతాయని ఒకప్పుడు ఆశపడ్డారు. 1998లో వచ్చిన అనుకరణలు, క్షేత్రం ఉన్నా లేకపోయినా కల్లోలం మేఘాన్ని ఒకసారి దాటే సమయంలోనే క్షీణిస్తుందని చూపాయి.

క్షేత్రం ఓడినా నిష్క్రియంగా లేదని నిరూపించింది ప్లాంక్ ఉపగ్రహం. 2009లో ఎగిరిన ఆ ఉపగ్రహం ఆకాశమంతటా ధూళి ధ్రువణాన్ని పటం గీసింది. మన దగ్గరి పది మేఘాలను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితంలో ఒక క్రమం కనబడింది. వాయువు పలచగా ఉన్నచోట దారాల్లా సాగిన దాని పోగులు క్షేత్రానికి సమాంతరంగా పరుచుకుని ఉన్నాయి. దట్టమైన చోట పోగులు దానికి అడ్డంగా తిరిగాయి. క్షేత్రం బలహీనమైతే కల్లోలం దాన్ని చిందరవందర చేసేది, ఈ క్రమం ఉండేది కాదు. రేఖల వెంట జారడం వాయువుకు తేలిక, అడ్డంగా కదలడం కష్టం. అందుకే సన్నటి చారల్లా రేఖల వెంట పారి, అడ్డంగా పడున్న లావుపాటి పోగులో కలుస్తుంది.

దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ వృషభరాశిలోనే, పిల్లలకోడికీ రోహిణికీ దగ్గరలో, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఎడ్వర్డ్ బర్నార్డ్ చీకటి మేఘాల జాబితాలో 213వది కనుక దాని పేరు బి213. హెర్షెల్ ఉపగ్రహ చిత్రాల్లో దీనికి ఇరువైపులా లంబంగా వచ్చి చేరే సన్నటి చారలు స్పష్టంగా కనిపిస్తాయి, క్షేత్రం దిక్కూ అదే. ఈ పోగు వెంట వరసగా ముద్దలు కట్టాయి. తిరుపతి ఐసర్‌కు చెందిన సి. ఈశ్వరయ్య మొదటి రచయితగా 2021లో బిస్ట్రో అనే పరిశోధక బృందం ప్రచురించిన వ్యాసం వీటిలో మూడు ముద్దల లోపలికి తొంగిచూసింది. హవాయిలో మౌనకేయా మీది 15 మీటర్ల జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ టెలిస్కోపుతో, 850 మైక్రోమీటర్ల తరంగంలో, భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి రెండు వేల రెట్లంత చిన్న వివరాలను కూడా విడదీసి చూశారు.

మూడూ ఒకే పోగులో పుట్టినవి, కాని మూడింటిదీ మూడు దారులు. కె04166 అనే ముద్దలో క్షేత్రం చక్కగా బారుతీరి ఉంది. ముద్ద పొట్టి అక్షం, భ్రమణాక్షం, అందులోని పసి నక్షత్రం చిమ్మే ప్రవాహం, బయటి పెద్ద క్షేత్రం, అన్నీ ఒకే దిక్కు చూస్తున్నాయి. పాత ప్రామాణిక చిత్రంలో గీసినట్టే ఉంది. దాని పక్కదైన కె04169లో క్షేత్రం క్రమంగానే ఉంది గాని బయటి క్షేత్రానికి దాదాపు అడ్డంగా తిరిగింది. మిజ్-8బి అనే మూడో ముద్దలో ఇంకా నక్షత్రం పుట్టలేదు, క్షేత్రానికి నిలకడైన దిక్కే లేదు. చంద్రశేఖర్-ఫెర్మీ పద్ధతిలో బలాలు వరసగా 38, 44, 12 మైక్రోగాస్ వచ్చాయి. పోగు మీదికి వచ్చిపడుతున్న వాయువే ఈ వైవిధ్యానికి కారణం కావచ్చని రచయితల అభిప్రాయం.

ఈ మూడు ముద్దలను చూశాక "అయస్కాంతమా, అల్లకల్లోలమా" అని మొత్తానికి ఒకే తీర్పు అడగడం వృథా అనిపిస్తుంది. పోగు స్థాయిలో క్షేత్రం దారి చూపింది. పోగులోపల రెండు చోట్ల దాని మాట చెల్లలేదు. 2006లో జోసెప్ జిరార్ట్, రామ్‌ప్రసాద్ రావు, డానియెల్ మరోన్ పెర్సియస్ మేఘంలోని ఐరాస్ 4ఎ అనే పసి నక్షత్రం చుట్టూ నడుము సన్నబడిన క్షేత్రాన్ని స్పష్టంగా చూపినప్పుడు, పాత చిత్రానికి ఫొటో దొరికిందని అందరూ సంతోషించారు. ఆ ఫొటో నిజమే, కాని అది కె04166 లాంటి సందర్భం. 2013లో చార్ల్స్ హల్ బృందం చాలా పసి నక్షత్రాలను కలిపి చూస్తే, వాటి ప్రవాహాల దిక్కుకూ చుట్టూ ఉన్న క్షేత్రం దిక్కుకూ పొత్తు కనబడలేదు.

ఇక భ్రమణం. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. మన సౌరకుటుంబం ద్రవ్యరాశిలో 99.8 శాతం సూర్యుడిది. కోణీయ ద్రవ్యవేగంలో అతని వాటా నూటికి నాలుగు వంతులు కూడా కాదు, మిగతాదంతా గ్రహాల దగ్గర, ముఖ్యంగా గురుగ్రహం దగ్గర ఉంది. దట్టమైన ముద్ద ఎంత నెమ్మదిగా తిరుగుతున్నా, ప్రతి గ్రాముకూ ఉన్న కోణీయ ద్రవ్యవేగం ఈనాటి సూర్యుడిదానికి దాదాపు పది లక్షల రెట్లు. దాన్ని వదిలించుకోకపోతే నక్షత్రం పుట్టదు, చుట్టూ తిరిగే వాయువు పళ్లెం మాత్రమే మిగులుతుంది. గురుత్వం దీన్ని తీసేయలేదు, మామూలు వాయు ఘర్షణ చాలదు. బలరేఖలు తీసేస్తాయి. ఒక కొస లోపలి ముద్దలో, మరో కొస బయటి వాయువులో ఉన్న రేఖ, లోపలిది వేగంగా తిరిగితే మెలిపడుతుంది. ఆ మెలి తరంగంలా బయటికి పాకి, బయటి వాయువును తిప్పి, లోపలిదాన్ని నెమ్మదింపజేస్తుంది.

ఈ బ్రేకు మరీ ఎక్కువ పడుతుందన్నది ఇరవై ఏళ్లుగా సిద్ధాంతకారులను పీడించిన సమస్య. ఆంథొనీ అలెన్, జీ యున్ లీ, షూ 2003లో చేసిన లెక్కల్లో, రేఖలు వాయువుతో పూర్తిగా ముడిపడి ఉంటే పళ్లెం అసలు ఏర్పడనే లేదు. 2008లో పాట్రిక్ హెనెబెల్, సెబాస్టియన్ ఫ్రొమాంగ్ కూడా అదే చూశారు. పళ్లెం లేకపోతే గ్రహాలు లేవు. అటు చూస్తే 2014లో ఆల్మా టెలిస్కోపు తీసిన హెచ్ఎల్ టౌరీ అనే పసి నక్షత్రం చిత్రంలో చక్కటి వలయాలతో పళ్లెం కళ్లెదుట ఉంది, అదీ ఇదే వృషభరాశిలో.

చిక్కు విడిపోయింది ఆ ముడి సడలడంతోనే. లోపలి సాంద్రత పెరిగేకొద్దీ కాస్మిక్ కిరణాలు చొరబడడం కష్టమవుతుంది, ఆవేశ కణాలు ధూళి మీద అతుక్కుపోతాయి, రేఖలు వాయువునుంచి జారిపోతాయి. మెస్టెల్, స్పిట్జర్ చెప్పిన జారుడుకు అసలైన చోటు ఇదే. మేఘం మొత్తాన్ని నిదానింపజేయడానికి అక్కరకు రాని ప్రక్రియ, పళ్లేనికి ప్రాణం పోయడానికి పనికొచ్చింది. దీనికి తోడు హాల్ ప్రభావం ఉంది. భ్రమణాక్షమూ క్షేత్రమూ ఒకే దిక్కు చూస్తుంటే బ్రేకు బిగుస్తుంది, ఎదురెదురుగా ఉంటే సడలుతుంది. తక్కిన అన్ని విధాలా ఒకేలా ఉన్న రెండు ముద్దల్లో ఒకటి చిన్న పళ్లేన్నీ మరొకటి పెద్ద పళ్లేన్నీ కనవచ్చని అనుకరణలు చెబుతున్నాయి. ధూళి ధ్రువణం రేఖ వాలును చూపుతుంది గాని అది ఏ కొస వైపు చూస్తోందో చెప్పదు కనుక, దీన్ని పరీక్షించడం ఇంకా చేతికందలేదు.

లాగిన భ్రమణంలో కొంత ధ్రువాల నుంచి చిమ్మే జెట్లతో బయటికి పోతుంది. జెట్లను విసిరేదీ క్షేత్రమే. మొదట అడిగిన వంద రెట్ల తేడాకు కూడా ఇక్కడ కొంత జవాబుంది. 2015లో క్రిస్టోఫ్ ఫెడరాత్ ఒకే మేఘానికి కల్లోలాన్ని, క్షేత్రాన్ని, జెట్లను ఒక్కొక్కటిగా కలుపుతూ పోయాడు. ప్రతి ఒక్కటీ నక్షత్ర జననాన్ని రెండు మూడు రెట్లు తగ్గించింది, అన్నీ కలిస్తేగాని పరిశీలనల దరికి రాలేదు. స్టార్‌ఫోర్జ్ అనే కంప్యూటర్ అనుకరణల్లో క్షేత్రం, కల్లోలం మాత్రమే ఉంచితే నక్షత్రాలు మరీ బరువైనవి పుట్టాయి, జెట్లు కలిపాకే బరువులు దారికొచ్చాయి. అంటే మేఘాన్ని క్షేత్రం నేరుగా ఆపే దానికన్నా, పుట్టిన నక్షత్రాల చేత జెట్లు విసిరించి ఆపడం ఎక్కువ ఫలిస్తోంది.

పళ్లెంలో క్షేత్రం ఎంతుందన్నది ఇతర నక్షత్రాల దగ్గర కొలవడం చాలా కష్టం. 2019లో టీడబ్ల్యూ హైడ్రే అనే నక్షత్రం పళ్లెం మీద ఆల్మాతో జీమన్ ప్రయత్నం చేస్తే గరిష్ఠ హద్దు మాత్రమే దొరికింది. మన సొంత పళ్లెం విషయంలో అదృష్టవంతులం. 1940లో భారతదేశంలో పడిన సెమర్కోనా ఉల్కలోని చిన్న గుండ్రటి రేణువులు, గ్రహాలు ఇంకా కూడుతున్న రోజుల్లో కరిగి గట్టిపడ్డాయి. చల్లారుతున్నప్పుడు తమ చుట్టూ ఉన్న క్షేత్రాన్ని లోపలి ఇనుప నలుసుల్లో ముద్రించుకున్నాయి. 2014లో రోజర్ ఫూ, బెంజమిన్ వైస్ తదితరులు ఆ నలుసులను కొలిస్తే సుమారు అర గాస్ వచ్చింది. భూమి మీద దిక్సూచిని తిప్పే క్షేత్రమూ ఇంచుమించు అంతే. పళ్లెంలోని వాయువును పసి నక్షత్రాల్లో కనిపించే వేగంతోనే సూర్యుడిలోకి దించడానికి ఆ మాత్రం క్షేత్రం సరిపోతుంది. అంగ్రైట్ ఉల్కల మీద 2017లో వచ్చిన కొలతల ప్రకారం, సౌరకుటుంబం మొదలైన నలభై లక్షల ఏళ్లలోపే ఆ క్షేత్రమూ దాన్ని మోసిన వాయువూ లేకుండా పోయాయి.